తడి ఆరని నంబరు

నంబరు ప్లేట్ల కార్ఖానాలో అందరూ వెళ్లిపోయినా ఆమె ఒక్కతే ఉండిపోయింది. కాళ్లు నేల మీద నిలవడం లేదు. తమ మొదటి కారు మరి! ఊళ్లో బళ్లన్నిటికీ అచ్చుకొట్టిన చేతులు ఇవాళ తమ బండికి కొడుతున్నాయి. మీట లాగగానే రేకు మీద అంకెలు ఉబ్బాయి. ఏడు ఎప్పటిలాగే కాస్త పక్కకు వాలింది. ఆ అచ్చు అంతే. నల్లరంగు పూసి, ఊదుకుంటూ మురిసిపోయింది. ముందుకొకటి, వెనక్కొకటి. ఒక నంబరుకు మూడో ప్లేటు ఎవరూ కొట్టరు.

బయట కారు ఆగింది. చంటిపాపను తీసుకుని భర్త వచ్చేశాడనుకుని, రెండు ప్లేట్లూ పట్టుకుని పరుగున తలుపు తీసింది.

వాళ్ల కారే. దానికి అప్పటికే ప్లేటు ఉంది. అదే నంబరు, అదే వాలిన ఏడు. రేకు తుప్పుపట్టి, సగానికి మడతపడి ఉంది.

ఫోను మోగింది.

"ఏమోయ్ ఓనరమ్మా, ప్లేట్లు రెడీయా? పాపా నేనూ ఇప్పుడే బయల్దేరాం."

"వద్దండీ! బండి ఆపండి. పాపను తీసుకుని దిగిపోండి!"

"చాల్లే నీ భయాలు! వీధి మలుపు కూడా దాటేశాం."

ఎదురుగా, ఆ చీకటి కారులో పసిబిడ్డ గుక్కపెట్టి ఏడ్చింది.

ఆమె గుండెల మీది బట్ట పాలతో తడిసిపోయింది.