వీపు ముందు, పదును వెనక

కత్తి పోయింది. స్నానాలగది అలమరలో తోలుపెట్టె ఉంది, పెట్టెలో కత్తి పడుకునే గుంట ఉంది, కత్తి మాత్రం లేదు.

ఇంటాయన ముఖం నిండా నురుగుతోనే హాల్లోకి వచ్చాడు. అది మామూలు కత్తి కాదు, ఆయన తండ్రి గడ్డం గీసుకున్న మడతకత్తి. ఆ ఇంట్లో దానికున్న మర్యాద ఇంటావిడకి కూడా లేదు. రోజూ పొద్దున తలుపు బార్లా తీసిపెట్టి మరీ గీసుకునేవాడు, పదిమందీ చూసి నేర్చుకుంటారని.

"గీసుకోవడం ఎవడైనా గీసుకుంటాడు. మధ్యమధ్యలో తుడుచుకోవడంలో ఉంది పనితనం," అనేవాడు. "తడిబట్ట బల్లమీద పరచాలి. కత్తిని దానిమీద పడుకోబెట్టి లాగాలి. వీపు ముందు, పదును వెనక. నురుగే కదా అని వేలు పెట్టావా, ఇక ఆ వేలు నీది కాదు."

ఇంటావిడ ఈ పాఠం కూరలు తరుగుతూ ఏళ్ల తరబడి వింటోంది. ఆమె తమ్ముడైతే ప్రతిసారీ కొత్తగా విన్నట్టు "ఆహా" అనేవాడు. పెద్దక్క ఇంటినుంచి నాలుగు రోజులుండి పోదామని వచ్చినవాడు, ఎండలు పోయి వానలు వచ్చినా కదల్లేదు. పేకముక్కల దగ్గర బావకీ అతనికీ ప్రాణస్నేహం. ఆట మధ్యలో టీలు, టీల మధ్యలో ఆట. "వీడుంటే ఇల్లు నిండుగా ఉంటుంది," అని ఇంటాయన మురిసిపోయేవాడు.

ఇప్పుడు ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టాడు.

"దొంగని పట్టడానికి పోలీసులక్కర్లేదు. తీసినవాళ్లు గీసుకుని ఉంటారు. గీసుకున్నవాళ్లు తుడిచి ఉంటారు. తుడవడం ఈ ఇంట్లో నాకు తప్ప ఇంకెవరికీ రాదు. కాబట్టి వేళ్లు చూపించండి. దొరికింది ఎవరైనా సరే, ఈ పూటే గడప దాటాలి."

ఇంటావిడ చేతులు చాపింది. గిన్నెలు తోమి గరుకెక్కిన వేళ్లే తప్ప కొత్త గాటు లేదు. తమ్ముడు ఒక చెయ్యే చాపాడు.

"రెండోది దాచుకుంటున్నావా?"

రెండో చేతి బొటనవేలికి ప్లాస్టరు ఉంది.

"డబ్బా మూత తీస్తుంటే రేకు కోసుకుంది బావా. నిన్న అక్కే తీసిపెట్టమంది."

"అవునండీ, నేనే తీయమన్నాను," ఇంటావిడ గబగబా అడ్డొచ్చింది. అంతలోనే తల దించుకుంది. "డబ్బా చూపిద్దామంటే, పొద్దున్నే చెత్తబండిలో వేసేశాను."

ఇంటాయన జాలిగా నవ్వాడు. "తమ్ముణ్ణి వెనకేసుకురావడం కూడా సరిగ్గా చేతకాదు నీకు."

"గడ్డం పెంచుకుంటున్నవాణ్ణి. నాకు కత్తెందుకు బావా?"

"గడ్డం ఉన్నవాడికే కత్తి కావాలి, లేనివాడు దాంతో ఏం చేసుకుంటాడు? మెడ దగ్గర అంచులు దిద్దుకుని ఉంటావు. పద, నీ పెట్టె తియ్యి."

పెట్టె అడుగున, తువ్వాలులో చుట్టి ఉంది కత్తి. విప్పి చూస్తే అలుగు పొడుగునా ఆరిపోయిన నురుగు.

"చూశావా? తుడవబోయి వేలు కోసుకున్నాడు, బెదిరిపోయి అలాగే మడిచి దాచేశాడు." పసిపిల్లని ఎత్తుకున్నట్టు కత్తిని రెండు చేతులా పట్టుకున్నాడు. "దొంగతనం ఒక్కటే అయితే క్షమించేవాణ్ణేమో. నురుగుతో మడుస్తావటోయ్? పదును తుప్పుపట్టిపోదూ?"

"బావా, ఇది నా పెట్టెలోకి ఎలా వచ్చిందో నిజంగా నాకు తెలీదు."

"కాళ్లొచ్చి నడిచి వచ్చిందా?"

ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏవండీ, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి. తోడబుట్టినవాడు. ఉన్నపళాన పొమ్మంటే ఎక్కడికి పోతాడు?"

"నువ్వు బతిమాలేకొద్దీ నా పట్టుదల పెరుగుతుందని తెలీదా?"

"తెలుసండీ," అంది ఆమె కళ్లొత్తుకుంటూ. ఇంకోసారి బతిమాలింది.

మధ్యాహ్నం తిరగకముందే తమ్ముడు పెట్టె పట్టుకుని వీధి మలుపు తిరిగాడు. ఇంటాయన గేటు మూసి వచ్చి తడిబట్ట పరిచాడు. నురుగంతా పోయేదాకా కత్తిని నాలుగుసార్లు లాగి, ఒడుపుగా ఆరబెట్టి, పొద్దున గీసుకోలేకపోయిన గడ్డం తీరిగ్గా గీసుకున్నాడు. సాయంత్రం పేకాటకి ఎవరున్నారన్న సంగతి ఒక్క క్షణం గుచ్చుకుంది. న్యాయం చెప్పేవాడికి ఆ మాత్రం కష్టం తప్పదని సరిపెట్టుకున్నాడు.

వంటింట్లోంచి భార్య గొంతు సన్నగా, పూడుకుపోయినట్టు వినిపించింది. పాపం, ఫోన్లో వాళ్ల చెల్లెలి దగ్గర ఏడుస్తోంది కాబోలు, కడుపారా ఏడవనీ అనుకుని పెద్దమనసుతో స్నానాలగది తలుపు దగ్గరగా వేశాడు.

"చెల్లీ, బస్సెక్కేశాడు, చీకటి పడకముందే మీ ఇంట్లో దిగుతాడు," నవ్వు ఆపుకోలేక ఆగి ఆగి చెబుతోంది ఆమె. "పెద్దక్క వాళ్లాయన కెమెరాని వీడి పెట్టెలో పెట్టి సాగనంపింది, నేను మా ఆయన కత్తి పెట్టి సాగనంపాను. నువ్వు మాలాగా ఆలస్యం చెయ్యకు, మీ ఆయన ప్రాణం ఏ వస్తువు మీదుందో ఇవాళే కనిపెట్టి ఉంచుకో."