మూడు క్యాసెట్ల పరీక్ష

లుద్విక్ గారు బూట్లు విడిచి, బోజెనా ఇచ్చిన ఇంటి చెప్పులు తొడుక్కుని, సోఫాలో సర్దుకునే లోపే రాదెక్ మొదటి క్యాసెట్‌ని వీసీఆర్‌లోకి తోసేశాడు.

"ముందు సూపైనా తాగనివ్వరా" అంది తల్లి బోజెనా.

"చూస్తూ తాగుతాడులే."

"తాగుతాడేమిట్రా? పెద్దాయన. తాగుతారు అను."

రాదెక్‌కి నలభై దాటాయి. తోరున్ పట్నంలో ట్రాం నడుపుతాడు. తల్లి ఈ వయసులో లుద్విక్ గారితో తన పెళ్ళి మాట ఎత్తినప్పుడు అతను కాదనలేదు. "నువ్వు ఊఁ అంటేనే నాన్నా" అని ఆవిడే భారమంతా కొడుకు మీద పెట్టింది. భారం మోసేవాడికి పరీక్ష పెట్టే హక్కు ఉండదా మరి. పరీక్ష ఏమిటంటే, తను చిన్నప్పట్నుంచీ చూస్తున్న అంతరిక్ష సినిమాలు మూడూ ఒకే ఆదివారం కూర్చుని చూడాలి.

దేశంలో చంటిపిల్లలు కూడా చూసేసిన ఆ సినిమాలు లుద్విక్ గారు ఒక్కటీ చూడలేదట. "ఆరు పదులు నిండాయి. ఇన్నాళ్ళూ గుడ్డి గుర్రానికి పళ్ళు తోముతున్నాడా?" అని రాదెక్ డిపోలో అందరికీ చెప్పి నవ్వాడు. చూసి కదిలితే మనిషి, కదలకపోతే దుంగ. దుంగకి అమ్మనిచ్చి పెళ్ళి చేసే ఉద్దేశం అతనికి లేదు.

"ఒక మాటరా" అంది బోజెనా. "ఆయన మాట్లాడరు. నిన్న పన్ను పీకించుకున్నారు. నోరు మెదపొద్దన్నాడు డాక్టరు."

"మరీ మంచిది. సినిమా మధ్యలో వాగేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట."

"పోనీ ఆ కొత్త డిస్కు పెట్టకూడదూ? బొమ్మ శుభ్రంగా ఉంటుంది."

"అందులో ఎవరి గొంతుతో వాళ్ళు మాట్లాడతారమ్మా. రాకుమారి ఆడగొంతుతో మాట్లాడుతుంది. వినలేక కట్టేశాను."

అతని బాధ ఆ దేశంలో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది. పరాయి సినిమా అంటే అడుగున అసలు గొంతులు గొణుగుతూ ఉంటాయి. పైన ఒకే ఒక మగమనిషి అందరి మాటలూ ఆ దేశపు భాషలో చదివేస్తుంటాడు. చక్రవర్తి గర్జించినా, రాకుమారి ఏడ్చినా, రైలు వేళలు చదివినట్టు ఒకటే తీరు. రాదెక్ పాలపళ్ళు ఊడకముందే తండ్రి ఇల్లు వదిలి పోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో వినిపించిన మగగొంతు ఈ క్యాసెట్లలోదే.

బొమ్మ మొదలైంది. రాదెక్ తెర చూడలేదు. లుద్విక్ గారి మొహమే చూశాడు.

నమ్మిన సేనాని శత్రువుల మనిషని తేలే చోటు వచ్చింది. ఇది చూసి చిన్నప్పుడు రాదెక్ జ్వరం తెచ్చుకున్నాడు. లుద్విక్ గారు తాపీగా చీజ్ కేకు ఇంకో ముక్క వడ్డించుకున్నారు.

అదే, రేకు రోబో తలుపు తోసుకుని వచ్చేసరికి చెంచా జారవిడిచారు. అరచేయి మోకాలి ఎత్తున పెట్టి, ఇంతేనా అన్నట్టు బోజెనా వైపు చూశారు. రాకుమారి బోడిగుండుతో కనబడగానే ఆయనకి పొలమారింది. చక్రవర్తి ఆకుపచ్చగా ఉన్నాడని పొట్ట పట్టుకుని, చప్పుడు కాకుండా, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

రెండో క్యాసెట్ అయ్యాక రాదెక్ తల్లిని వంటింట్లోకి లాక్కుపోయాడు.

"అమ్మా, ఈయనకి కథ బుర్రకెక్కుతోందా అసలు? గుండె ఆగిపోయే చోట కేకు తింటారు. ఏమీ లేని చోట గుడ్లప్పగిస్తారు. రోబో పొట్టిదైతే ఏం, పొడుగుదైతే ఏం?"

"ఎక్కుతోందిరా. కాస్త ఓపిక పట్టు."

"నీకు నచ్చారని తెలుసు. నా వల్ల కావట్లేదమ్మా. వద్దు."

బోజెనా మొహం వాడిపోయింది. తిరిగి గ్లాసులు కడగసాగింది.

"మూడోది కూడా చూడనీరా" అంది. "తర్వాత నీ ఇష్టం. నేను మారు మాట్లాడను."

ఆ మాటకి రాదెక్‌కి జాలేసింది. సరే, ఇంకొక్క అవకాశం. మూడోదాని ఆఖర్న సేనాని చెరలో ఉంటాడు. రాకుమారి కత్తి పట్టుకుని తలుపు తీసుకుని లోపలికి వస్తుంది. అక్కడ రాదెక్ ఏడవని రోజు లేదు. అక్కడ కూడా ఈ మనిషి కేకు తింటే ఇక మాటల్లేవు.

రాకుమారి వచ్చింది. తలుపు తీసింది. నోరు తెరిచింది.

సౌండ్ పోయింది.

రాదెక్ ఎగిరి టీవీ మీద పడ్డాడు. పైన రెండు చరిచాడు. వెనక్కి దూరి సౌండ్ వైరు పీకి, ఊది, చొక్కాతో తుడిచాడు. "సరిగ్గా ఇక్కడే చావాలా నువ్వు" అని వీసీఆర్‌ని నానా తిట్లూ తిట్టాడు. వైరు పట్టుకుని టీవీ వెనకే కూలబడ్డాడు. నలభై ఏళ్ళవాడికి ఏడుపు ఒక్కటే తక్కువ. ఈ మాటలు వినకపోతే ఆయనకి పొద్దుటినుంచీ చూసిందంతా దండగ. ఇవి వినిపించకుండా ఆయన్ని వద్దనడం కూడా న్యాయం కాదు.

"చంపడానికి రాలేదు సేనానీ" అంది రాకుమారి. "ఇంటికి రమ్మని పిలవడానికి వచ్చాను."

అదే మొద్దు గొంతు. అదే రైలు వేళలు చదివే తీరు. వందోసారి వింటున్నా రాదెక్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"హమ్మయ్య, వచ్చేసింది" అన్నాడు, పీకిన వైరు చేతిలో అలాగే పట్టుకుని.

"రాలేదు బాబూ" అంది సోఫాలోంచి అదే గొంతు, "అప్పట్లో దొంగ క్యాసెట్లకి కాగితాలిచ్చి నన్ను చదవమన్నారే గానీ, బొమ్మ చూపించిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు."