రద్దయిన టికెట్టు

బండి కదలడానికి ఇంకా పావుగంట ఉంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి బీమా ఆఫీసరుగారు లోకాన్ని అసహ్యించుకుంటున్నారు.

లోకమంటే ఆ పూటకి పెద్దదేం కాదు. జాతీయ స్థాయి స్కూలు పిల్లల చదరంగం పోటీకి బయల్దేరిన ఏడుగురు పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, కాళ్ళకడ్డంగా సూట్‌కేసులు.

"ఆ కళ్ళజోడు వాణ్ణి చూశావా? కిందటిసారి మనవాడి చేతిలో ఇరవై ఎత్తుల్లో చిత్తయ్యాడు. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని బయల్దేరాడో!" అన్నారు భార్యతో. కళ్ళజోడు వాడి తల్లికి వినబడాలనే అన్నారు.

ఆ తల్లి వినిపించుకునే స్థితిలో లేదు. కొడుకు జేబులో పెన్ను ఉందో లేదో తడుముతోంది. వాడు మొదటిసారి గెలిచినరోజు ఎత్తులు రాసుకున్న పెన్నట. రీఫిల్లు పదిసార్లు మారింది, పెన్ను మారలేదు. ఆ పక్కనే ఇంకో తండ్రి, మూడు పోటీల నుంచీ ఉతకని చొక్కాని కొడుక్కి తొడుగుతున్నాడు. ఉతికితే గెలుపు నీళ్ళలో కొట్టుకుపోతుందట!

"ఛీ! వీళ్ళూ చదువుకున్నవాళ్ళే! వీళ్ళ పిల్లలూ ఎత్తులేస్తారట!"

ఆఫీసరుగారికి మూఢనమ్మకమంటే ఒళ్ళుమంట. జనం రాసుకొచ్చే క్లెయిముల్లో బొంకుల్ని రోజంతా ఏరిపారేసే మనిషాయన. ఆయన కళ్ళలో దుమ్ము కొట్టినవాడు ఇంకా పుట్టలేదని ఆఫీసులో అందరూ అంటారు. ఆ సంగతి మనకి చెప్పేది కూడా ఆయనే.

ఇక కొడుకు. పన్నెండేళ్ళవాడు. ఇంట్లో వాడి పేరు మర్చిపోయారు, చాంపియన్ అనే పిలుస్తారు. రెండేళ్ళుగా ఆడిన పోటీ ఆడినట్టే గెలిచాడు. ఇదీ గెలిస్తే పెద్ద శిక్షణ సంస్థలో సీటు ఖాయం. ఓడితే ఆ సీటు ఎవరో కళ్ళజోడు వాడిది. ఓడడమన్న మాటే లేదని ఆయన ఆఫీసు నోటీసు బోర్డులో అభినందనల కాగితం ముందే అంటించి వచ్చారు. ఆయనకి ఆట రాదు. గుర్రం ఎటు దూకుతుందో ఇప్పటికీ అనుమానమే. అభిప్రాయాలకి మాత్రం కరువులేదు.

అంతటి చాంపియన్‌కీ ఓ పిచ్చి పట్టుకుంది. చెల్లెలు రానిదే పోటీకి కదలడు. హాల్లో తాడు కట్టిన చోటికి ఇవతల, ముందు వరసలో, వాడి కళ్ళెదుట ఆ పిల్ల కూర్చోవాలి.

ఆ పిల్లేమైనా మహాలక్ష్మా అంటే అదీ లేదు. తొమ్మిదేళ్ళొచ్చినా చెప్పులు కుడిఎడమగా వేసుకుంటుంది. లెక్కల్లో అత్తెసరు మార్కులు. పెట్టింది తినదు, కూర్చున్నచోట కూర్చోదు, ఎప్పుడూ జడ లాక్కోవడమో ముక్కు నలుపుకోవడమో. ఓసారి నలుగురిలో తల కొట్టేసినట్టయి ఆయనే ఓ మొట్టికాయ వేశారు. ఇలాంటిదాన్ని అదృష్టమంటూ ఊరూరా తిప్పడమేమిటి?

రోగం ముదరకముందే మందు వెయ్యాలి. ఆఫీసరుగారు వేసేశారు. ఎవరికీ చెప్పకుండా పిల్ల టికెట్టు రద్దు చేయించారు.

బండెక్కి కూర్చున్నాక గానీ చాంపియన్‌కి తెలియలేదు.

"చెల్లి బ్యాగేది నాన్నా?"

"దానికి బ్యాగెందుకు? మీ అమ్మతో ఇంటికెళ్తోంది."

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "అది రాకపోతే నేను ఆడలేను నాన్నా. నిజంగా ఆడలేను."

"పెన్ను లేకపోతే వాడు ఆడలేడు, కంపుచొక్కా లేకపోతే వీడు ఆడలేడు, చెల్లి లేకపోతే నువ్వు ఆడలేవు. నీకూ ఆ వెధవలకీ తేడా ఏముందిరా? బుర్ర ఉన్నవాడికి ఈ తాయెత్తులెందుకు?"

కిటికీ బయట పిల్ల ఊచలు పట్టుకుని వెక్కుతోంది. "నన్నూ తీసుకెళ్ళండి నాన్నా! కింద కూర్చుంటా, ఏదీ కొనివ్వమని అడగను!"

"పోనీ తీసుకెళ్ళరాదూ? పసిది, అంతలా ఏడుస్తుంటే..." అంది పిల్ల పక్కనే నిలబడ్డ భార్య.

"నీ గారాబమే ఇంతదాకా తెచ్చింది. నువ్వు నోరు మూసుకో."

చాంపియన్ లేచి తలుపు వైపు పరిగెత్తబోయాడు. ఆయన చొక్కా పట్టి వెనక్కి లాగి కూర్చోబెట్టారు. బండి కదిలింది. ఊచల మీంచి పిల్ల వేళ్ళు జారిపోయాయి.

ఎదురు సీట్లోంచి కళ్ళజోడు వాడి తల్లి జాలిగా ముందుకు వంగింది. "బాబూ, మావాడి దగ్గర ఇంకో పెన్నుంది. నీకిమ్మంటావా?"

"అక్కర్లేదమ్మా. మావాడికి పైన మెదడుంది," అన్నారు ఆఫీసరుగారు. అని, ఆ మాట తనకే తెగ నచ్చి, కాళ్ళు బారజాపుకున్నారు.

చాంపియన్ గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. ఆయనే వాడి వీపు తట్టారు. "ఎల్లుండి కప్పు పట్టుకున్నాక నువ్వే అంటావు, నాన్న చేసిందే మంచిదని. ఇన్ని పోటీలు గెలిచింది ఎవర్రా? నువ్వా, అదా?"

"అదే నాన్నా," అన్నాడు వాడు ఏడుపు దిగమింగుతూ, "ముందు వరసలో కూర్చుని అది సైగ చేసిన పావుని జరపడమే నా పని."