గుట్ట మీది దీపాలు

కట్టంగూర్ మీద రాత్రిళ్లు కదిలిన వెలుగులు రాడార్‌లో కూడా పడ్డాయి. ఆరా తీయడానికి వచ్చిన వైమానిక దళం బృందంలో తెలుగు తెలిసింది విజేందర్ ఒక్కడికే. పత్తి ఏరుతున్న బాలనర్సమ్మను అతనే ప్రశ్నించాడు.

"మీరేం చూశారు?"

"మూడు దీపాలు సారూ. సప్పుడు లేకుంట గుట్ట మీదికెల్లి పోయినయ్."

"ఇంట్లో ఇంకెవరైనా చూశారేమో అడుగు," అన్నాడు పక్కనున్న పై అధికారి.

విజేందర్ నేల చూస్తూ అడిగాడు.

"నేనొక్కదాన్నే ఉంట సారూ. కొడుకు యాడనో దూరంల నౌకరి చేస్తుండు."

ఆ మాటలను అతను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు.

జీపు కదిలాక, "ఆమె అబద్ధం చెప్పే మనిషిలా లేదు," అన్నాడు అధికారి.

తన తల్లి హైదరాబాద్‌లో టీచరని ఆయనతో ఎప్పుడో చెప్పుకున్న విజేందర్, చేనులో నిలబడి జీపునే చూస్తున్న కన్నతల్లి వైపు తిరగడానికి ముఖం చెల్లక తల దించుకున్నాడు.