దేనికి కట్టినవ్?

"నిన్న మా ఆయనకు గీ పార్సిల్ కట్టింది నువ్వేనా కరీం భాయ్?"

తిరుమల సిల్వర్ కవర్‌ను తెచ్చి బండి మీద ఠపీమని పెట్టింది. లోపల సగం తిని వదిలేసిన చికెన్ ఫ్రై. పత్తి మిల్లులో పని దిగి నేరుగా వచ్చినట్టుంది, జుట్టుకు ఇంకా దూది అంటుకునే ఉంది. పార్సిళ్ల కోసం నిలబడ్డవాళ్లు మాటలు ఆపేశారు.

"నేనే చెల్లె," అన్నాడు కరీం. చేతిలో గరిటె ఆగిపోయింది.

"దేనికి కట్టినవ్?"

చిట్యాలలో ఈ ప్రశ్నకు అర్థం తెలియనివాళ్లు లేరు. హైవే పక్కనున్న కరీం బండి దగ్గర ఫ్రై కావాలంటే, అది దేనితో తింటారో ముందు చెప్పాలి. బీరుకైతే మిరియం దండిగా వేసి ఉప్పు తగ్గిస్తాడు. బ్రాందీకైతే ముక్క కరకరలాడాలి, ఎండుమిర్చి ఘాటు చెవుల్లోంచి రావాలి. కల్లుకైతే నిమ్మకాయ పిండడు. అడిగినవాణ్ని పులుపు మీద పులుపేందని తిడతాడు. మొన్నామధ్య కారు ఆపిన పట్నం జంట వైన్‌కు కట్టమంటే, కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి, పెరుగులో నానిన ముక్కలు తీసి, కారం తగ్గించి, వెల్లుల్లి దట్టించి కట్టాడు. వాళ్లు విజయవాడ చేరాక ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. ఇక మజ్జిగన్నంలోకైతే ఉప్పు ఎక్కువ, మిరియం సున్నా. ఇన్ని తెలిసిన కరీం సోడా కంటే ఘాటైనది ఏనాడూ నోట పెట్టలేదు. తాగేవాళ్లు తిట్టగా తిట్టగా నేర్చుకున్న విద్య అది.

ఇప్పుడా విద్యే మెడకు చుట్టుకుంది. తిరుమల మొగుడు విజేందర్ ఆటో నడుపుతాడు. రెండు నెలల కింద యాదగిరిగుట్టకు పోయి, పెళ్లాం నెత్తిన చెయ్యి పెట్టి, ఇక చుక్క ముట్టనని ఒట్టేసి వచ్చాడు. ఆటో స్టాండ్‌లో అందరికీ గుట్ట పులిహోర పంచాడు. కరీం కూడా తిన్నాడు. అదే విజేందర్ నాలుగు ఆదివారాలుగా సంచిలో సీసాతో వచ్చి, "బీరుకు కట్టు భాయ్" అంటున్నాడు. ముక్కలు వేగుతున్నంతసేపూ నేల చూపులు చూస్తూ గుటకలు మింగుతున్నాడు.

నిన్న ఇక కరీం మనసు ఒప్పలేదు. ఒట్టు తప్పేవాడికి తన చేత్తో మసాలా వేయడమేమిటనిపించింది. విజేందర్ బీరుకని చెప్పినా, మజ్జిగ పార్సిల్ కట్టి పంపాడు. దాంతో కలిస్తే బీరు సహించదని, అలాగైనా సీసా పక్కన పెడతాడని ఆశ.

"మాట్లాడవేంది?" అంది తిరుమల.

"మజ్జిగకు చెల్లె." చెప్పింది నిజమే కనుక కరీం గొంతు కాస్త ధైర్యంగానే పలికింది.

"గది తింటెనే తెలిసింది. ఆయనేం చెప్పిండు?"

కరీం మూకుట్లో ముక్కలు తిరగేశాడు. అబద్ధమాడితే పైవాడికి జవాబు చెప్పుకోవాలి. నిజం చెబితే ఒక కాపురం కూలుతుంది.

"మంట ఎక్కువైనట్టున్నది..." అంటూ పొయ్యి వైపు వంగాడు.

"మంట సంగతి తర్వాత. చెప్పుడు తప్పా, కట్టుడు తప్పా? ఇంట్ల అడిగితే, నేను సక్కగనే చెప్పిన అంటుండు. ఎవరిది తప్పో ఇయ్యాల తేలాలె."

బల్ల మీద కల్లు సీసా పట్టుకుని కూర్చున్న లింగయ్య కల్పించుకున్నాడు. "పోనీ తియ్ బిడ్డా. మొగోడన్నంక గిట్ల జర..."

"నీ కల్లు నువ్వు తాగు తాతా."

లింగయ్య తాగాడు.

కరీం గరిటె కింద పెట్టాడు. టోపీ సర్దుకున్నాడు. తల దించుకుని, "బీరుకన్నడు చెల్లె," అన్నాడు.

వెనక నుంచి ఎవరో "అయిపాయె" అన్నారు. ఒకతను తన పార్సిల్ సిద్ధమైనా తీసుకోకుండా అక్కడే నిలబడ్డాడు. ఇలాంటిది వదిలి ఇంటికి ఎవరు పోతారు?

"నాలుగు ఐతారాలసంది గదే చెప్తుండు," అన్నాడు కరీం. దాచుకున్నదంతా బయటపడ్డాక మాటలు ఆగలేదు. "కానీ మనిషి మంచోడు చెల్లె. ఆటో తప్ప వేరే లోకం తెల్వనోడు. గీ ఒక్కదానికి ఇల్లు ఇడిశిపెట్టి పోకు. నేను మాట్లాడుత ఆయనతోని. కాళ్లు పట్టుకోని అయినా బందు చేపిస్త."

చెబుతుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. విజేందర్ అంటే అతనికి నిజంగానే ఇష్టం.

తిరుమల నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆయన బీరుకని సక్కగ చెప్తె, నువ్వు మజ్జిగకెందుకు కట్టినవ్?"

"గుట్ట మీద ఒట్టు వెట్టుకున్నడు గదా. గా ఒట్టు నిలవెడదామని..."

తిరుమల అతని ముఖంలోకి చూసింది. వచ్చిన కోపమంతా ఎటు పోయిందో గానీ, కొంగుతో నోరు మూసుకుని నవ్వు ఆపుకుంది. పొట్లాన్ని మెల్లగా అతని వైపు నెట్టింది.

"ఆయన ఒట్టు నిలవడే ఉన్నది భాయ్. వారమంత మిల్లుల నిలవడి, ఐతారం నాడు ఒక్క బీరు తాగేది నేను."