కోంబీలో పిల్లి

"లోపల పిల్లి ఉంది."

షెడ్డు గుమ్మంలో నిలబడ్డ ముసలాయన కోంబీ వ్యాన్ వెనకవైపు వేలు చూపిస్తూ అన్నాడు.

మెకానిక్ ఒస్మార్ స్పానరు పక్కన పెట్టి వంగి చూశాడు. వ్యాన్ నడిపే మారిల్జా కూడా మోకాళ్ల మీద కూర్చుని చూసింది.

పిల్లీ లేదు, ఎలకా లేదు.

"ఎక్కడ తాతా?"

"పిల్లి... పిల్లి," అని ఆయన ఇంజన్నే చూపించాడు.

ఆయనెవరో ఇద్దరికీ తెలీదు. పక్షవాతం వచ్చినట్టుంది, నోరు ఓ పక్కకి వంకరపోయింది. ఒక మాట అనబోతే ఇంకో మాట వస్తోంది. బుధవారం నుంచి రోజూ పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడుతున్నాడు. ఇవాళ శనివారం.

"నా ఇంజను గొడవ చాలదని మధ్యలో ఈయన పిల్లొకటి!" అని ఒస్మార్ తల పట్టుకున్నాడు.

ఆ కోంబీ వయసు నలభై ఏళ్లు. వెనకవైపు ఉండే, గాలితోనే చల్లబడే ఇంజను. దాన్ని ముక్కముక్కా విప్పి, కొత్త పిస్టన్లూ కొత్త వాల్వులూ వేసి మళ్లీ బిగించాడు. కార్బొరేటర్‌ని నాలుగుసార్లు కడిగాడు. అయినా స్టార్ట్ చేస్తే ఆయాసం ఉన్నవాడిలా దగ్గుతోంది.

"ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నానక్కా. ఇలాంటిది చూళ్లేదు. నాకే పిచ్చెక్కుతోంది."

"నీకు పిచ్చెక్కితే నా గతేంటయ్యా? సోమవారం ఆరుగుర్ని డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. అరువు జీపు కూడా తిరిగిచ్చేశాను."

ఒస్మార్ కార్బొరేటర్ ఐదోసారి విప్పాడు. పెట్రోలు పారే సన్నటి జెట్లు ఊదాడు. బిగించాడు. స్టార్ట్ చేశాడు.

అదే దగ్గు.

ముసలాయన ఈసారి లోపలికే వచ్చేశాడు. కళ్లు మూసుకుని, ఇంజను మీదికి చెవి వంచాడు. మారిల్జా తింటున్న చీజు బన్ను చటుక్కున లాక్కున్నాడు. కర్రపెండలం పిండితో చేసిన ఆ బన్ను లోపలి జిగట ముద్దని వేళ్లతో నలిపి ఉండ చేసి, ఇంజను సందులోకి చెయ్యి దూర్చాడు.

"ఏయ్! ఏం చేస్తున్నావ్!"

ఒస్మార్ ఆ చేతి మీద ఒక్కటి వేశాడు. జబ్బ పట్టుకుని రోడ్డు మీదికి లాక్కెళ్లాడు.

"కొత్త ఇంజన్లో తిండి కుక్కుతావా? ఇంకోసారి ఈ గుమ్మం తొక్కావంటే చూడు!"

ముసలాయన చెయ్యి రుద్దుకుంటూ, "పిల్లి... పిల్లి పడుకుంది," అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. మెల్లగా వెళ్లిపోయాడు.

"పాపం, ఎందుకయ్యా కొట్టావు?" అంది మారిల్జా.

"ముందు ఇది విను!"

ఇంజను దగ్గడం మానేసింది. కుట్టుమిషనులా ఒకే తీరుగా తిరుగుతోంది.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఐదోసారికి కుదిరిందన్నమాట," అన్నాడు ఒస్మార్. ఎలా కుదిరిందో మాత్రం అతనికి అంతుపట్టలేదు.

సోమవారం పొద్దున్న ఆరుగురు రోగులతో కోంబీ బయల్దేరింది. సగం కొండ ఎక్కి, దగ్గి దగ్గి ఆగిపోయింది.

ఫోను రాగానే ఒస్మార్ మోటారుసైకిలు మీద పరిగెత్తాడు. అప్పటికి ఓ పాలలారీ వాళ్లని ఎక్కించుకుంటోంది.

"నీ రిపేరు సల్లగుండ, గంటన్నర ఆలస్యం! నువ్వు బాగుచేసిన కోంబీ కన్నా నా కిడ్నీలే నయం," అంది రోగుల్లో ఒకావిడ, దోనా ఇరాసి, లారీలోంచి. అందరూ నవ్వారు. ఒస్మార్‌కి తలెత్తబుద్ధి కాలేదు.

వెనక మూత ఎత్తాడు. ఇంజను కింద నల్లగా మాడిన పిండి ఉండ ఒకటి పడి ఉంది.

అది ఊడిన చోటుకి చెవి పెట్టాడు. మారిల్జా స్టార్ట్ చేసింది.

బుస్... బుస్... అచ్చం పిల్లి బుసకొట్టినట్టు.

కార్బొరేటర్ నుంచి ఇంజన్లోకి వెళ్లే గొట్టానికి అడుగున వెంట్రుకంత పగులు. అందులోంచి దొంగగాలి లోపలికి పోతోంది. మొత్తం ఇంజన్లో తను మార్చకుండా, కడక్కుండా వదిలేసిన పాత ముక్క అదొక్కటే.

"శనివారం నువ్వు బాగు చెయ్యలేదు కదూ?" అంది మారిల్జా.

ఒస్మార్ తల అడ్డంగా ఊపాడు.

కొత్త గొట్టం వేసి, మంగళవారం ఊరంతా అడిగి అడిగి ముసలాయన ఇల్లు పట్టుకున్నాడు. ఆయన పేరు అర్లిందో అట. మేనకోడలు తలుపు తీసింది.

ముసలాయన కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఆదివారం మళ్లీ వచ్చిందండీ పక్షవాతం," అంది ఆమె. "పిలిస్తే పలకడు. ఏ చప్పుడుకీ తల తిప్పడం లేదు."

ఒస్మార్ ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తను కొట్టిన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"తప్పయిపోయింది మేస్త్రీ. నా కళ్ల ముందు నిలబడి చెప్పారు, నాకే బుర్రకెక్కలేదు."

ఆ చెయ్యి కదల్లేదు.

కాసేపటికి లేచి, మేనకోడల్ని అడిగాడు.

"ఈయన ఏ షెడ్డులో పనిచేసేవారమ్మా? ఇంత పెద్ద మెకానిక్ ఊళ్లో ఉన్నట్టు నాకు తెలీనే తెలీదు."

ఆమె అయోమయంగా చూసింది.

"మెకానిక్కా? మామయ్యకి కారు మూతెత్తడం కూడా రాదండీ. ముప్పై ఎనిమిదేళ్లు ఈ కొండల మీది చర్చిల్లో గాలితో మోగే పెద్ద గొట్టాల ఆర్గన్లకి శ్రుతి చేశాడు, వేల గొట్టాల్లో ఎక్కడ గాలి కారుతోందో కళ్లు మూసుకుని వినే చెప్పేవాడు."