చప్పట్లకు వదిలిన జాగా

"అవునే అక్కా... అవునే..."

పాడి, ప్రేమ్ సాగర్ మైకు జనం వైపు తిప్పాడు.

జనం చప్పట్లు. డప్పు మీద ఫిలిప్ దరువు. అవనిగడ్డ సెంటరంతా ఊగిపోతోంది.

ముందు వరసలో తెల్లచీర ముసలామె లేచి నిలబడింది. మెడకి మఫ్లర్. చప్పట్లు పడే చోటల్లా చెయ్యెత్తి ఏదో అరుస్తోంది. గొంతు బొంగురు. డప్పు మోతలో ఒక్క ముక్క తెలియడం లేదు.

ప్రతి చప్పట్లకీ అదే వరస.

అతనికి చిర్రెత్తింది. పాట ఆపేశాడు.

"ఏంటి మామ్మా, నువ్వు పాడతావా, నన్ను పాడమంటావా?"

జనం ఘొల్లుమన్నారు.

ముసలామె నవ్వలేదు. "ఎవరూ అడక్కుండానే అవునంటావేంటి నాయనా?"

జనం మళ్ళీ ఘొల్లుమన్నారు. ఈసారి అతని మీద.

మైకు చేతిలో ఉన్నవాడు మాట పడతాడా?

"మామ్మకి పొద్దు గుంకకుండానే ఎక్కేసినట్టుంది. కాస్త అవతలికి తీసుకెళ్ళి మజ్జిగ తాగించండయ్యా!"

కమిటీ కుర్రాళ్ళు ఇద్దరొచ్చి ఆమె రెక్కలు పట్టుకున్నారు. పెనుగులాడలేదు. వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్ళిపోయింది.

"బావా, ముసల్ది అడిగింది మాత్రం పాయింటే," ఫిలిప్ గొణిగాడు.

"నోర్మూసుకుని కొట్టు."

అతనికి ఉన్నది ఆ ఒక్క పాటే. పెళ్ళి డీజేలో అదే, ఆటోలో అదే, పిల్లల ఫోన్లలో అదే. దాని తర్వాత ఎన్ని వదిలినా ఒక్కటీ నిలబడలేదు. ఆ పాటకే ఇంకో చరణం తెస్తే సరే, లేకపోతే వేరే గొంతు చూసుకుంటామని రికార్డింగ్ కంపెనీవాళ్ళు మొహం మీదే చెప్పేశారు.

చరణం ఎక్కణ్ణుంచి తెస్తాడు? అది అమ్మ పాట. దీనమ్మ వరి ఊడ్పుల్లో పాడిన పాట.

గుడివాడ హాస్టల్ నుంచి సెలవులకి వచ్చినప్పుడు పొయ్యి దగ్గర ఆమె కూనిరాగం తీస్తుంటే విన్నాడు. ఒక ముక్క పాడేది, ఆగేది. మళ్ళీ ఒక ముక్క, మళ్ళీ ఆగేది. ఊపిరి కోసం అనుకున్నాడు. పాట బయటికి తెచ్చినప్పుడు ఆ ఆగిన చోట చప్పట్లు పెట్టాడు. జనానికి పట్టిందే ఆ చప్పట్లు.

అమ్మ పోయింది. మిగతా చరణాల కోసం దివిసీమంతా తిరిగాడు. అందరూ "అవునే అక్కా" దగ్గరే ఆగిపోయారు.

మర్నాడు పొద్దున కోడూరులో చెల్లెలు హేమ ఇంటికి వెళ్ళాడు.

"ఎన్నిసార్లు ఫోన్ చేశాను అన్నయ్యా! ప్రోగ్రాం ఉంటే ఎత్తవుగా?"

"ఏంటి సంగతి?"

"సువార్తత్త కలిసిందా? అమ్మా ఆవిడా ఒకే వరసలో వరి ఊడ్చేవాళ్ళంట. నీ పాట మొత్తం తనకి తెలుసంది. నేనే బస్సెక్కించి అవనిగడ్డ పంపించాను."

"ఎలా ఉంటుంది?"

"తెల్లచీర. మెడకి మఫ్లర్."

అతను కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"మనూళ్ళో ఎప్పుడూ చూళ్ళేదే?"

"మనం పుట్టకముందే కామందు చేలోంచి వెళ్ళగొట్టాడంట. నోరు ఊరుకోదని, పాటలో ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుందని. ఇక చుట్టుపక్కల ఎవరూ కూలికి పిలవలేదు. పెదపారుపూడి వైపు వెళ్ళిపోయింది."

"ఇప్పుడెక్కడుంది?"

"రాత్రి అట్నుంచటే వెళ్ళి బందరు ఆస్పత్రిలో చేరి ఉంటుంది. ఇవాళే ఆపరేషన్. కంఠంలో కేన్సరంట, గొంతు పోతుందని ముందే చెప్పేశారు. మాట ఉండగా ఒక్కసారి దీనమ్మ కొడుకు చెవిన ఆ పాట వెయ్యాలి అంది. అందుకే వచ్చింది."

బండి మీద ఇద్దరూ బందరు పరుగెత్తారు. వీళ్ళు వెళ్ళేసరికే ఆమెని లోపలికి తీసుకెళ్ళారు.

నాలుగు రోజులకి, ఆమె లేచి కూర్చున్నాక గానీ వార్డులోకి వెళ్ళనివ్వలేదు. మఫ్లర్ ఉండే చోట ఇప్పుడు గొట్టం ఉంది.

"అత్తా, నేను... ఆరోజు స్టేజి మీద..."

చాల్లే అన్నట్టు చెయ్యి ఊపింది. పక్కన కూర్చోమంది.

పెదాలు కదిలించింది. చాలాసేపు. శబ్దం లేదు, గొట్టంలోంచి గాలి తప్ప. ఆగి, అతని వైపు చెయ్యి చాపింది.

అతనికి అర్థం కాలేదు.

మళ్ళీ పెదాలు. మళ్ళీ చెయ్యి.

వెనక నుంచి హేమ అంది: "అందుకో అన్నయ్యా. చేలో అంతే. ఒకరు ఎత్తుతారు, ఒకరు అందుకుంటారు. ఎవరి వంతు వాళ్ళదే. అవతలి మనిషి బతికుండగా వాళ్ళ వంతు మనం పాడకూడదనేది అమ్మ."

అతను అందుకున్నాడు.

"అవునే అక్కా... అవునే..."

ముసలామె మొహం వెలిగింది. పెదాలు మళ్ళీ కదిలాయి. ఏదో అడుగుతోంది. గట్టిగా, కోపంగా అడుగుతోంది.

"ఒంగిన నడుం లేస్తాదిలే..."

మళ్ళీ అడిగింది. ఆ పెదాల వంకే రెప్ప వెయ్యకుండా చూశాడు. ఏమడుగుతోందో ఒక్క మాట అందలేదు.

పాట గుర్తుపట్టి పక్క మంచం దగ్గర ఎవరో చప్పట్లు మొదలెట్టారు.

"కొట్టకండి!" అరిచాడు.

అమ్మ అతనికిచ్చింది జవాబే. పాటంతా అడిగింది ఈ అక్క, అడిగిన పాపానికి ఒకసారి కామందు చేలోంచి, ఇంకోసారి అతని స్టేజి ముందు నుంచి గెంటించుకున్న సువార్తమ్మ.